పిచ్చుక చెయ్యి మంచిది

పిచ్చుక టీ పోస్తోందంటే ఇంట్లోవాళ్ళు ఈలోగా ఇంకో పని చూసుకుని రావచ్చు. గ్లాసు కాస్త వంచి పట్టుకుంటుంది. గిన్నె అంచుని గ్లాసు గోడకి ఆనిస్తుంది. టీ ఆ గోడ వెంటే జారుకుంటూ అడుక్కి చేరాలి. చుక్క ఎగరకూడదు, నురగ రాకూడదు, చప్పుడు కాకూడదు. మంచినీళ్ళు పోసినా అంతే, పాలు పోసినా అంతే.

"నువ్వు పోసేది టీయా, చంటిపిల్లకి స్నానమా?" అంటుంది అత్తగారు. "చల్లారిపోయిన టీ తాగడానికి నేనేమన్నా జబ్బుమనిషినా?"

"వేడి చేసి ఇస్తాను, అత్తయ్యా."

"వేడి చేశాక మళ్ళీ నువ్వే పోస్తావుగా."

ఒకప్పుడు పిచ్చుకతో కలిసి చదువుకున్నవాళ్ళు చూస్తే ఈ మనిషేనా అనుకుంటారు. ఆ రోజుల్లో ఆమెకున్నంత చురుకైన చేతులు ఆ చుట్టుపక్కల ఎవరికీ ఉండేవి కావు. తల్లి ఒక ఆఫీసులో టైపిస్టు. వేళ్ళ వేగం అక్కణ్ణుంచే వచ్చి ఉంటుంది. పిచ్చుక అన్న పేరు మాత్రం ప్రొఫెసర్ పెట్టినది. పొట్టి మనిషి, ఒకచోట నిలవదు, ఏ చిన్న చప్పుడైనా తల తిప్పి చూస్తుంది. పీహెచ్‌డీకి చేరిన మొదటి వారంలోనే ఆయన, "ఆ పిచ్చుకని పిలవండి" అన్నాడు. ల్యాబ్ అంతా అలాగే పిలిచింది. పెళ్ళయ్యాక ఆ పేరు అత్తవారింటికీ వచ్చేసింది.

ఆమె చదువుకున్నది ఒంట్లో కబుర్లు ఎలా తిరుగుతాయన్న సంగతి. భయం వేస్తే గుండె దడదడలాడుతుంది, పరిగెడితే రక్తనాళం వెడల్పవుతుంది. గుండెకీ నాళానికీ ఎవరు చెప్పారు? రక్తంలో ఏదో పదార్థం వచ్చి కణం గుమ్మం తడుతుంది. లోపల ఉన్నట్టుండి క్యాల్షియం పెరుగుతుంది. దాంతో కణం తన పని మొదలుపెడుతుంది. క్యాల్షియం కంటికి కనిపించదు కాబట్టి ముందే కణాల్లోకి ఒక రంగు ఎక్కిస్తారు. క్యాల్షియం పెరిగిందంటే మైక్రోస్కోప్ కింద ఆ రంగు పచ్చగా వెలుగుతుంది. కబురు అందిందనడానికి అదే గుర్తు.

గుండె కండరం నుంచి తీసిన ఒక చిన్న ప్రొటీన్ మీద ఆ ల్యాబ్‌లో పని జరిగేది. దాని అసలు పేరు బారెడు, అందుకని అందరూ "గుండె కబురు" అనేవారు. రక్తనాళాల లోపలి గోడకి పరుచుకుని ఉండే కణాలకి ఇది ఏదో చెబుతుందని ప్రొఫెసర్‌కి గట్టి నమ్మకం. చిక్కేమిటంటే, ఐస్‌లోంచి తీసిన కాసేపటికే అది చెడిపోతుంది. ల్యాబ్‌లో ఎవరు ప్రయత్నించినా కణాలు ఒక్కోసారి మిణుక్కుమనేవి, ఒక్కోసారి చీకట్లోనే ఉండేవి. పిచ్చుక పిపెట్ తీసుకుంది. పిపెట్ అంటే కొలిచి పోసే గొట్టం, పైన బొటనవేలితో నొక్కే మీట ఉంటుంది. ఐస్‌లోంచి చటుక్కున పీల్చి, చటుక్కున కణాల మీద వదిలింది. స్క్రీన్ నిండా పచ్చటి వెలుగు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి అలలా పాకింది.

ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. "మళ్ళీ చెయ్యి" అన్నాడు. మళ్ళీ వెలిగింది.

"నీ చెయ్యి మంచిదమ్మా" అన్నాడు.

ఆ మాటే ఆమెకి డిగ్రీ ఇచ్చింది, పత్రిక వేసిన పరిశోధన వ్యాసం ఇచ్చింది, పరిశోధన సంస్థలో ఉద్యోగం ఇచ్చింది. ఆ ఉద్యోగం మొదట కొన్నేళ్ళు తాత్కాలికం. చివర్లో రివ్యూ కమిటీ ముందు నిలబడి తన పని చూపించాలి. వాళ్ళు సరేనంటే పర్మినెంటు.

భయం ఒక ఈమెయిల్‌తో మొదలైంది. ఎక్కడో వేరే దేశం ల్యాబ్‌వాళ్ళు చాలా మర్యాదగా రాశారు: మీ ప్రయోగం మాకు రావడం లేదు, పద్ధతి ఇంకాస్త వివరంగా చెప్పగలరా అని. పిచ్చుక అన్నీ వివరంగా రాసి పంపింది. కొన్నాళ్ళకి మళ్ళీ రాశారు, ఇంకా మర్యాదగా. ఆ ఉత్తరాన్ని ఆమె మళ్ళీ మళ్ళీ చదివింది. వాళ్ళ కణాలు మంచివి కావేమో అనుకుంది. వాళ్ళ నీళ్ళు తేడానేమో. రంగు పాతదేమో. ఇలా అనుకుంటూనే, కణాలు పెంచే ఇంక్యుబేటర్ తలుపు సరిగ్గా పడిందో లేదోనని బస్టాప్ దాకా వెళ్ళి వెనక్కి రావడం అలవాటైంది. తలుపు ఎప్పుడూ సరిగ్గానే పడి ఉండేది. అయినా భయం పోయేది కాదు.

ఆ సమయంలోనే మాస్టారు ఆమె దగ్గర పరిశోధన విద్యార్థిగా చేరాడు. హైస్కూల్లో సైన్సు చెప్పే మనిషి. ఆమెకంటే వయసులో చాలా పెద్ద. జీవితంలో ఒక్కసారైనా పరిశోధన చెయ్యాలని బడికి సెలవు పెట్టి వచ్చాడు. ఆమె ఆయనకి అప్పగించిన పని: గుండె కబురు కణం మీద ఏ గుమ్మం తడుతోందో కనిపెట్టడం. గుమ్మం సంగతి తర్వాత, ముందు ఆయన చేతిలో కణాలే వెలగలేదు.

ఆయనది నిదానం చెయ్యి. పాతికేళ్ళు పిల్లల మధ్య గాజుసామాను పట్టుకున్నవాడికి అది సహజం. పిపెట్ కొసని కణాలుండే పళ్ళెం గోడకి ఆనించి, గుండె కబురు కలిపిన మందుని ఆ గోడ వెంట జారనిచ్చేవాడు.

"మాస్టారూ, మీరు పిపెట్ పట్టుకుంటే సుద్దముక్క పట్టుకున్నట్టుంది" అనేది పిచ్చుక.

"సుద్దముక్కే అయితే ఈపాటికి ఫలితం రాసిపారేసేవాణ్ణి మేడమ్, బోర్డు మీద."

"అది చెడిపోతుంది, గబుక్కున వెయ్యాలి. ఇలా ఇవ్వండి."

ఆమె వేసేది. వెలిగేది. మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టుకుని స్క్రీన్ వంక చూసేవాడు. "మీరున్నంతసేపు వస్తుంది, మీరు అటు వెళ్ళగానే పోతుంది. అచ్చం మా తరగతిలో క్రమశిక్షణ లాగే ఉంది" అనేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు. నవ్వు అయిపోయాక ఎవరి భయం వాళ్ళకి ఉండేది. ఆయన సెలవు అయిపోవస్తోంది. మళ్ళీ బడి తెరిచేలోగా ఏమీ తేలకపోతే ఉత్త చేతులతో వెళ్ళాలి. ఆమెకి రివ్యూ దగ్గరపడుతోంది. తన విద్యార్థి చేతిలోనే రాని ఫలితాన్ని కమిటీ ముందు ఎలా చూపించాలి?

సరిగ్గా అప్పుడే అత్తగారి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. రోజూ చుక్కలమందు వెయ్యాలి. ఆ పని కొడుకు, అంటే పిచ్చుక భర్త, చేసేవాడు. అతను లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. ఒకరోజు సాయంత్రం ఏదో ఆసుపత్రిలో లిఫ్టు ఆగిపోయిందని పిలుపొచ్చింది. చుక్కల సీసా పిచ్చుక చేతికి వచ్చింది.

"అమ్మాయ్, కాస్త ఆగు. కన్ను పూర్తిగా తెరవనీ."

పిచ్చుక అప్పటికే సీసా నొక్కింది. పెద్దావిడ ఎగిరిపడింది.

"మండిందా అత్తయ్యా? మందు అలాగే ఉంటుందన్నాడు డాక్టరు."

"మందు ఏం చేసిందమ్మా పాపం. ఇదే మందు వాడు వేస్తే వేసినట్టే తెలీదు. నువ్వు అంత ఎత్తునుంచి టపీమని కొడతావు. ఈ సీసాలో మంచినీళ్ళు పోసి వేసినా నేను ఇలాగే ఉలిక్కిపడతాను."

పిచ్చుక సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమైందే? అంత మాటేం అనలేదే నేను."

"లేదు అత్తయ్యా" అంది. మంచం అంచున కూర్చుంది.

ప్రతి ప్రయోగానికీ జత ప్రయోగం ఒకటి ఉంటుంది. మందు లేకుండా, ఆ మందుని కలపడానికి వాడే ఉత్తి ఉప్పునీళ్ళే కణాల మీద వెయ్యాలి. దాన్ని కంట్రోల్ అంటారు. ఉత్తి నీళ్ళకి కణాలు చీకట్లో ఉండి, మందుకి వెలిగితేనే ఆ వెలుగు మందుది. పిచ్చుక ఆ కంట్రోల్ ప్రతిసారీ చేసింది, ఎగ్గొట్టలేదు. ఉత్తి నీళ్ళకి కణాలు ఎప్పుడూ వెలగలేదు. కానీ ఎలా వేసింది? నీళ్ళు చెడిపోవు కదా. ఐస్‌లోంచి తీసి పరిగెత్తాల్సిన పని లేదు. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ, తీరిగ్గా, మెల్లగా వేసేది. మందు వేసేటప్పుడు మాత్రం కసుక్కున నొక్కేది. తల గుర్తుపట్టని ఆ తేడాని ఇప్పుడు సీసా పట్టుకున్న బొటనవేలు గుర్తుపట్టింది.

వెలిగింది మందుకా, తన నొక్కుడుకా?

తేల్చుకోవడం పెద్ద పనేం కాదు. ఉత్తి నీళ్ళు గట్టిగా వేస్తే చాలు. అయినా చాలా రోజులు ఆమె ఆ పని చెయ్యలేదు. కణాలు ఇంకా ఎదగలేదనుకుంది. మైక్రోస్కోప్ దీపం మార్చాలనుకుంది. ఎవరూ అడగకుండానే అలమర సర్దింది. రివ్యూ కోసం బొమ్మలు తయారు చేస్తూ, ఆ పచ్చటి అల బొమ్మ దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ మూసేసేది. అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండేది.

"కన్ను నాకు కోశారు, తిండి నువ్వు మానేశావు" అంది అత్తగారు.

ఆఖరికి ఒక సెలవురోజు పొద్దున, ల్యాబ్‌లో ఎవరూ ఉండరని తెలిసి వెళ్ళింది. కణాలని మైక్రోస్కోప్ కింద పెట్టింది. పిపెట్‌లోకి ఉత్తి ఉప్పునీళ్ళు పీల్చింది. ఎప్పటిలాగే కసుక్కున నొక్కింది.

అంచు నుంచి అంచుకి పచ్చటి అల.

ఇంకో పళ్ళెం పెట్టింది. మళ్ళీ అల. ఈసారి గుండె కబురు తీసుకుని, మాస్టారు వేసినట్టు గోడకి ఆనించి మెల్లగా జారవిడిచింది. చీకటి. చూస్తూ కూర్చుంది. చీకటే. ఇన్నాళ్ళూ మాస్టారు ఆమెకి చూపిస్తూ వచ్చిన చీకటి అదే.

తన చేతిని ఇక నమ్మలేకపోయింది. మర్నాడు మాస్టారిని పిలిచింది. "గొట్టాలు మీరే నింపండి. దేంట్లో ఏముందో నాకు చెప్పొద్దు. కొన్ని గట్టిగా, కొన్ని మెల్లగా వెయ్యండి. స్క్రీన్ నేను చూస్తాను." ఎందుకని ఆయన అడగలేదు. పని పూర్తయ్యాక ఏ గొట్టంలో ఏముందో చెప్పుకుంటూ వచ్చాడు. మందైనా నీళ్ళైనా, గట్టిగా వేసినవన్నీ వెలిగాయి. మెల్లగా వేసినవేవీ వెలగలేదు.

మాస్టారు చేతి తొడుగులు తీశాడు. సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు, అవసరం లేకపోయినా మళ్ళీ కడుక్కున్నాడు.

"అయితే మేడమ్, నా చెయ్యి బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉంది మాస్టారూ."

"మా ఆవిడతో రోజూ అంటున్నాను, నాకు వయసైపోయింది, చెయ్యి పట్టు తప్పుతోందని. తనకి భయం వేసి కళ్ళజోడు కూడా మార్పించింది." తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "మీరు నన్ను నమ్మలేదని కాదు. నన్ను నేనే నమ్మలేదు."

ఆయన కూర్చుని, "మరి ఇప్పుడు నా థీసిస్ దేని మీద?" అన్నాడు. పిచ్చుక గొట్టాల మీది రాతలు మళ్ళీ మొదటినుంచి చూడడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం భర్తకి చెప్పింది. అతను షూ విప్పుకుంటూ విన్నాడు.

"ఇంకెవరికి తెలుసు?"

"మాస్టారికి."

"ఆయన ఎవరికీ చెప్పడుగా?"

"చెప్పడు."

"మరి రివ్యూ అయ్యాక బయటపెట్టొచ్చుగా. నువ్వు అబద్ధమేం చెప్పట్లేదు. కాస్త ఆలస్యంగా చెబుతున్నావు, అంతే." అని రెండో షూ చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. ఆమె మొహంలోకి చూడలేదు. "నేనలా చెయ్యలేననుకో. తాడు మీద అనుమానమొస్తే లిఫ్టు ఆపేసి, బోర్డు పెట్టే ఇంటికొస్తాను. కానీ నాకు పడేవి తిట్లే. నా ఉద్యోగం పోదు."

"అవును" అంది పిచ్చుక.

లోపలి గదిలోంచి అత్తగారు, "ఒరే, నా చుక్కలు" అని పిలిచింది. ఆ మాట అంతటితో ఆగింది.

ప్రొఫెసర్‌కి ఫోన్ చెయ్యడం అన్నిటికంటే కష్టమైంది. రిటైరైపోయి మిద్దె మీద కుండీల్లో మొక్కలు పెంచుకుంటున్నాడు. ఆయన గొంతులో ఎప్పటి ఆప్యాయతే ఉంది. ఆమె చెబుతుండగా అది కొంచెం కొంచెంగా పోయింది.

"నేను చూశాను కదమ్మా. నా కళ్ళతో చూశాను, వెలిగింది."

"వెలిగింది సార్. ఉత్తి నీళ్ళకి కూడా వెలుగుతుంది."

"కంట్రోల్ చెయ్యలేదా నువ్వు?"

"చేశాను సార్. మెల్లగా చేశాను."

లైను కట్టయింది. పిచ్చుక ఆ రోజంతా ఫోన్ చేతిలోనే పెట్టుకుని తిరిగింది. మోగితే ఏం వినాలోనని భయం, మోగకపోతే ఇంకో భయం. రెండు రోజులకి మోగింది.

"పిచ్చుకా, చెయ్యి మంచిదన్నది నేను. ఆ మాట అన్నాక ఇక నిన్నెవరూ ఏమీ అడగలేదు, నాతో సహా." ఆయన దగ్గాడు. "వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి రాయి. నా పేరు ముందు పెట్టు."

రివ్యూ రోజు పొద్దున్నే లేచి చీర మడతలు సరిచేసుకుంటూ, మళ్ళీ విప్పి కట్టుకుంటూ గంట గడిపింది. కమిటీ గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఆ పచ్చటి అల బొమ్మ ఒక్కటే చూపించి వచ్చేస్తే ఎలా ఉంటుందో చివరిసారి ఊహించుకుంది. ఎవరూ అడగరు. పేరు పిలిచారు.

రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. "ఎడమవైపుది మా మందుకి వచ్చిన వెలుగు. కుడివైపుది ఉత్తి ఉప్పునీళ్ళకి వచ్చింది. రెండూ ఒకటే. మందు కాదు, నేను నీళ్ళని నెట్టిన జోరు కణాలని కదిలించింది. నా వ్యాసం తప్పు" అంది.

కమిటీ పెద్ద రెండు బొమ్మలనీ మార్చి మార్చి చూశాడు. "అంటే, మీ పనిని మీరే కొట్టేయించుకోడానికి వచ్చారా?"

"ఆ ముక్క వరకు అవునండీ."

చివర కూర్చున్న ఒకావిడ అడిగింది: "అయితే నీటి జోరు కణానికి తెలిసేది ఏ గుమ్మం నుంచి?"

"ఈ కణాలకి ప్రవాహం తెలుస్తుందని వేరేవాళ్ళు ఎప్పుడో చెప్పారండీ. నేను అది చదివి కూడా నా పళ్ళెంలో చూసుకోలేదు. మా దగ్గర ఏ గుమ్మమో ఇంకా తెలీదు."

పర్మినెంటు కాలేదు. ఒక ఏడాది పొడిగించారు. ఎందుకు పొడిగించారో, ఎందుకు తీసెయ్యలేదో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఆ ప్రశ్న వేసినావిడ ఏమన్నా మాట సాయం చేసిందేమో.

వేరే దేశం ల్యాబ్‌వాళ్ళకి కూడా రాసింది, ఈసారి తన చేతి జోరు గురించి. వెంటనే జవాబొచ్చింది. మా దగ్గర ఈ ప్రయోగం చేసిన అమ్మాయి చేతకానిదని మేమంతా అనుకున్నాం, తను కూడా అలాగే అనుకుని వేరే పనిలోకి వెళ్ళిపోయింది, మీ ఉత్తరం తనకి పంపుతున్నాం అని రాశారు. పిచ్చుక దాన్ని చదివి, ముఖం తెలియని ఆ అమ్మాయి గురించి చాలాసేపు ఆలోచించింది. ఆ రోజు ఇంటికి వచ్చి మొదటిసారి టీని గ్లాసు గోడకి ఆనించి పోసింది. కావాలని కాదు, చెయ్యి దానంతట అదే ఆగి ఆగి పోసింది.

మాస్టారి థీసిస్ నీటి జోరు మీదికి మారింది. ఇప్పుడు పిపెట్‌తో వెయ్యరు. సన్నటి గొట్టం నుంచి కొలిచినంత జోరుతోనే నీళ్ళు పారేలా పిచ్చుక భర్త చేత ఒక చిన్న పంపు పెట్టించుకున్నారు. సెలవు అయిపోయి మాస్టారు బడికి వెళ్ళిపోయాడు. బడి సెలవుల్లో వచ్చి పని చేసుకుంటాడు. తరగతిలో ఎవరైనా పిల్లలు తొందరపడితే ఏదో కథ చెబుతాడట. అందులో పిచ్చుక ఉంటుందట. ఏం చెబుతారని ఆమె అడగలేదు.

భయం పోలేదు. బస్టాప్ దాకా వెళ్ళి ఇప్పటికీ వెనక్కి వస్తుంది, ఇంక్యుబేటర్ తలుపు చూసుకుంటుంది. ఏ ఫలితమైనా మొదటిసారే బాగా వచ్చిందంటే ఆ రోజు తిండి సహించదు. ఇంకొకరి చేతిలో కూడా వచ్చాకే నమ్ముతుంది.

ఉద్యోగం ఇంకా ఏడాదికోసారి పొడిగిస్తూనే ఉన్నారు. ఈ మధ్య అత్తగారి రెండో కంటికి ఆపరేషన్ అయింది. పొద్దున చుక్కలు కొడుకు వేస్తాడు, సాయంత్రం పిచ్చుక వేస్తుంది.